రెండు గంటల జ్వరం

చలిజ్వరానికి ఇంత నియమం ఉంటుందని కంపౌండరు యెహెజ్కేలు ఎన్నడూ అనుకోలేదు. అది పందొమ్మిదివందల రెండో ఏడు. ధవళేశ్వరం దగ్గర చిన్న మిషను ఆసుపత్రిలో అతని ఉద్యోగం. రోజు విడిచి రోజు, సరిగ్గా మధ్యాహ్నం రెండు గంటలకి, జ్వరం వచ్చి అతని కూతురు దేవకుమారిని పట్టుకునేది. తల్లి లేని పిల్ల, ఏడేళ్లది. గోరుచుట్టు మీద రోకటిపోటన్నట్టు, వరదకి క్వినైను మందు పెట్టె దారిలోనే ఆగిపోయింది. ఇంకొక్కసారి జ్వరం తగిలితే పిల్ల నిలవదని అతనికి తెలుసు.

ఈ జ్వరాన్ని మోసేది దోమలేనని డాక్టరుగారు ఈమధ్యే చెప్పారు. దోమని చంపే ఆకు జ్వరాన్ని చంపదా అనుకున్నాడు యెహెజ్కేలు. గాజుగ్లాసు నీళ్లలో దోమపురుగుల్నీ, ఒక పరిగ చేపపిల్లనీ వేసి, రోజుకో ఆకు కషాయం పోశాడు. పురుగు చావాలి, చేప బతకాలి; అదే పిల్లకి పొయ్యదగ్గ మందు. కానుగకి రెండూ చచ్చాయి. తిప్పతీగకి రెండూ బతికాయి. ఇవాళ పొద్దున వావిలాకూ నేలవేమూ కలిపి కాచి పోస్తే పురుగులన్నీ చచ్చి అడుగుకి దిగాయి. చేప హాయిగా తిరుగుతోంది. తీరా చూస్తే, మిగిలిన కషాయం ఒక్క గుక్కెడు.

"మందు మందే గానండి," అంది ఆసుపత్రి ఆయా పాపాయి, "ఆ ఏళకి పిల్లని మంచం మీంచి తప్పించండి. జ్వరం వచ్చి, ఎతుక్కుని, ఎల్లిపోద్ది."

ప్రార్థన చేసే మనిషికి ఇదేం పని అని సిగ్గుపడ్డాడు. అయినా పిల్లని ఒళ్లో వేసుకుని గోడవార కూర్చున్నాడు. ఖాళీ మంచం మీద దుప్పటి ఒక్కటే ఉంది. బయట ముసురు. గదినిండా ఉడికిన వావిలాకు వాసన.

ఆసుపత్రి గంట రెండు కొట్టింది.

ఒళ్లో పిల్ల వణకలేదు. మంచం వణికింది.

మంచం కోళ్లు నేలమీద టకటకలాడాయి. దుప్పటి మెల్లగా ఉబ్బింది... లోపల చిన్న మోకాళ్లు ముడుచుకున్నాయి...

"నాన్నా... చలి..."

దేవకుమారి గొంతే.

ఒళ్లో పిల్ల అతని చెవిలో గుసగుసలాడింది. "దానికి పొయ్యకు నాన్నా. నాకు పొయ్యి."

అతను కషాయం గిన్నె చేతిలోకి తీసుకున్నాడు. ఉన్నది ఒక్క గుక్కెడే. మంచం మీదది జ్వరం... ఒళ్లో ఉన్నది నా బిడ్డ... నా చేతులతో నేనే కదా ఎత్తుకొచ్చాను... కళ్లు మూసుకుని ఒళ్లో పిల్ల నోట్లో పోశాడు.

"నాన్నా," అంది మంచం మీది గొంతు మరొక్కసారి. దుప్పటి అణిగిపోయింది. ఒళ్లో పిల్లకి చెమట పట్టి ఒళ్లు చల్లబడింది. బిడ్డ దక్కిందని యెహెజ్కేలు వెక్కివెక్కి ఏడ్చాడు. పిల్లని చాపమీద పడుకోబెట్టి, గ్లాసు కడుగుదామని బల్ల దగ్గరికి వెళ్లాడు.

గ్లాసులో పొద్దున చచ్చిన పురుగులన్నీ పైకొచ్చి చురుగ్గా మెలికలు తిరుగుతున్నాయి. పరిగపిల్ల తెల్లటి పొట్ట పైకి పెట్టి తేలుతోంది.

వెనకనుంచి ఒక చిన్న చెయ్యి అతని చొక్కా పట్టుకుంది.

"ఎల్లుండి రెండింటికి మళ్లీ పోస్తావుగా, నాన్నా?"