నెత్తికెక్కిన కళ్లు

2090లో భీమిలి వీధుల్లో సగం సముద్రానివే. పడవబస్సు దిగి కంటి ఆసుపత్రి మెట్లెక్కిన హన్విక అవ్వ, గడ్డం బాగా పైకెత్తి డాక్టర్ శ్రావ్యను చూసింది. పొగరు కాదు పాపం! పై రెప్పలు వాలిపోయిన మనిషికి లోకం కనబడాలంటే అదొక్కటే దారి.

"ఈ సూపుకే మా అప్ప నాతో మాటలు మానీసింది, డాట్రమ్మా. అమ్మ పోయిన్నాడు అందరి ముందరా 'దీనికి కళ్లు నెత్తికెక్కినాయి' అనీసింది. దాని మొకం తిన్నగా సూసి, నాది పొగరు కాదని రుజువు సేసీయాల. ఇద్దరం ముసిలోళ్లం, ఇంకెన్నాళ్లుంటాం?"

శ్రావ్య కనిపెట్టిన సాధనం పేరు రెప్పతీగ. పాతకాలపు సర్జరీలో రెప్పను నుదుటి కండరానికి తగిలించేవారు. కొందరికి నిద్రలోనూ కళ్లు పూర్తిగా మూతపడేవి కావు. ఈ తీగ అలా కాదు. మెదడులో చూడాలన్న కోరిక పుట్టగానే ఆ సంకేతాన్ని అందుకుని రెప్పను లేపుతుంది. కోరిక లేకపోతే దించేస్తుంది.

ఆపరేషన్ చక్కగా జరిగింది. హన్విక అద్దంలో చూసుకుని, "ఓలమ్మో, ఇంత ముసిల్దాన్నయిపోనానా!" అని పడీపడీ నవ్వింది.

కబురందుకుని ఆ అప్ప, అంటే హన్విక అక్క జోషిత వచ్చింది. ఆమె గదిలో అడుగుపెట్టిందో లేదో, హన్విక రెప్పలు వాలిపోయాయి. పాత అలవాటు కొద్దీ గడ్డం పైకి లేచింది.

"సూసినారా! మళ్లీ అదే పొగరు," అంటూ జోషిత గుమ్మం వైపు తిరిగింది.

శ్రావ్య కంగారుగా గోడలోని పరీక్ష యంత్రాన్ని అడిగింది. "నేత్రీ, తీగ తెగిందా?"

"లేదు డాక్టర్. తీగ బాగానే పనిచేస్తోంది. వచ్చినావిడను చూడాలని పేషెంటుకు లేదు."

హన్వికకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. గెలవాలన్న పంతమే తప్ప, అక్కను చూడాలన్న ఆశ తనలో ఏ మూలా లేదు.

"ఇన్నాళ్లూ నింద రెప్పల మీద ఏసీసినాను. నువ్వన్నది నిజమే అప్పా. పొగరే."

గుమ్మం దగ్గర ముక్కు చీదిన చప్పుడైంది.

"ఏటప్పా, ఏడుస్తన్నావా?"

రెప్పలు మెల్లగా లేచాయి. జోషిత గోడకేసి తిరిగి కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది. ఎంతసేపైనా చెల్లెలి వైపు మాత్రం చూడదు. ఆమె రెప్పలకు ఏ జబ్బూ లేదు.

"డాట్రమ్మా, ఆ తీగ ఇంకోటుందా? మా అప్పక్కూడా ఎయ్యండి," అంది హన్విక.

జోషిత ఆపుకోలేక నవ్వేసి, ఇటు తిరిగింది.