మంచు కింద ఒక్కడు, తెర మీద ఇద్దరు

ఆఫ్రా తలుపు కొట్టలేదు. తోసుకుని లోపలికొచ్చి, గోడవారనున్న కుర్చీలో కూలబడింది.

"నాకు పిచ్చెక్కలేదని చెప్పండి ప్లాట్నర్ గారూ. అంతకంటే ఏమీ అక్కర్లేదు."

ఎగోన్ ప్లాట్నర్ మోకాలి మీదున్న వేడినీళ్ల సంచిని తీసి బల్ల కింద దాచాడు. ఇన్స్‌బ్రుక్ ఊళ్లో ప్రైవేట్ డిటెక్టివ్‌గా అతను చూడని ఏడుపు లేదు. ఈ శీతాకాలం దాటాక ఆఫీసు మూసేద్దామని మూడు శీతాకాలాలుగా అనుకుంటున్నాడు. అసిస్టెంట్ వెరేనా మాత్రం, ఆయన మానేస్తే ప్రపంచంలో నేరగాళ్లందరూ సుఖపడిపోతారని నమ్ముతుంది. ఆమె కాఫీ తెచ్చి ఆఫ్రా చేతిలో పెట్టింది.

"మొదట్నుంచీ చెప్పండి" అన్నాడు ప్లాట్నర్.

ష్రోఫెన్ అనే ఊళ్లో ఆఫ్రా కొండ గైడు. ఏటా ఆకులు రాలే రోజుల్లోనే ఆ ఊరి స్కీ క్లబ్బు సీజనుకి సిద్ధమవుతుంది. స్కూలు వ్యాయామశాలలో కాళ్లకి కసరత్తు చేయించేది క్లబ్బు అధ్యక్షుడు రూపర్ట్. హిమపాతంలో చిక్కుకున్నవాణ్ని ఎలా వెతకాలో నేర్పేది ఆఫ్రా. మొదటి మంచు పడగానే అందరూ కలిసి కొండెక్కుతారు. పోయిన శనివారం అలా ఎక్కినప్పుడే ఒక వాలు విరిగి జారింది. రూపర్ట్ కొడుకు కిలియన్ దాని కింద పడి చచ్చిపోయాడు.

"వాణ్ని బయటికి తీసేసరికి వాడి బీకన్ ఆఫ్‌లో ఉందట" అంది ఆఫ్రా. "ఛాతీకి కట్టుకునే పెట్టే కదండీ మాకు ప్రాణం. అది కూత పంపిస్తుంటేనే కదా మిగతావాళ్లు వెతికి పట్టుకునేది! పొద్దున బయల్దేరేముందు ఒక్కొక్కర్నీ నా ముందునుంచి నడిపించాను. ప్రతి ఒక్కరి బీకన్ కూసింది. కిలియన్‌ది కూడా. ఈ చెవులతో విన్నాను."

"కాదంటున్నదెవరు?"

"రూపర్ట్. పరీక్ష చెయ్యకుండానే పిల్లాణ్ని పైకి తీసుకెళ్లానని ఫిర్యాదు పెట్టాడు. రేపు గైడ్ల సంఘం విచారణ. వాలు ఎంచుకోవడంలో తప్పు లేదని వాళ్లే ఒప్పుకున్నారు. మిగిలింది ఈ పెట్టె ఒక్కటే. బ్యాడ్జి పోతే పోనీండి, ఆవుల్ని కాసుకుని బతుకుతాను. కానీ వినకుండానే విన్నాననుకున్నానేమో! అది తేలకపోతే ఇంకో మనిషిని నేను కొండెక్కించలేను."

ప్లాట్నర్ కోటు అందుకున్నాడు.

*

లోయలోకి కారు నడుపుతూ వెరేనా అప్పుడే సగం కేసు తేల్చేసింది.

"సార్, ఫ్లోరిన్ అని ఒకడున్నాడు. కిలియన్‌కి స్నేహితుడే, కానీ రేసు జట్టులో ఉన్న ఒక్క ఖాళీకి ఇద్దరూ పోటీ. ఇప్పుడు అది వీడిదే."

"చూద్దాం. ముందు ఆ పెట్టె ఎలా ఆగుతుందో చెప్పు."

వెరేనా పక్క సీట్లోంచి ఒక బీకన్ తీసి ఆయన ఒళ్లో పడేసింది. కిలియన్‌ది కూడా ఈ రకమే. ప్లాట్నర్ చేతి తొడుగుతో మీట జరపబోయాడు. కదల్లేదు. తొడుగు విప్పి, ఒక వేలితో గొళ్లెం నొక్కిపట్టి రెండో చేత్తో తిప్పితే గాని ఆగలేదు.

"మంచు దెబ్బకి దానంతటదే ఆగే వస్తువు కాదిది" అని గొణిగాడు. "మళ్లీ ఈ మోకాలేసుకుని కొండెక్కాలేమో, ఖర్మ."

ఎక్కే అవసరం రాలేదు. ఫ్లోరిన్ తన షెడ్డులోనే దొరికాడు. స్కీలు బోర్లా పడేసి, ఇస్త్రీపెట్టెతో వాటికి మైనం పట్టిస్తున్నాడు. కళ్లకింద నల్లటి చారలు.

"పోలీసులు అడిగారు, సంఘం అడిగింది, ఇక మీ వంతా? రండి. కూర్చోడానికి ఏమీ లేదు, ఆ పెట్టె మీద కూర్చోండి. విరిగితే నన్నడక్కండి."

"ఆ రోజు ఎవరెక్కడున్నారు?"

"మొదట నేను దిగాను. తర్వాత నోట్బుర్గా టీచర్. తర్వాత రూపర్ట్ మామ. ముగ్గురం కింద బండ దగ్గర ఆగాం. నాలుగోవాడు కిలియన్. వాడు సగం దిగేసరికి వాలంతా పలకలా విరిగింది. ఆఫ్రా అక్క పైనే ఉండిపోయింది. మధ్యలో ఇంకా వేలాడుతున్న మంచుంటే ఎలా దిగుతుంది? శిఖరం చుట్టూ తిరిగి రావాల్సొచ్చింది. కేక వేసినా సరిగా వినపడనంత దూరం."

"పొద్దున పరీక్షయ్యాక కిలియన్ తన బీకన్ ఆపుకున్నాడా?"

"వాడా! గుడిసెలో సూప్ తాగేటప్పుడు కూడా ఆపడు. అది పెట్టుకునే పడుకుంటావేంట్రా అని ఏడిపించేవాణ్ని." ఇస్త్రీపెట్టె పక్కన పెట్టాడు.

"మీ బీకన్ ఏం చూపించింది?"

"చెబితే నవ్వుతారు. పోలీసులు నవ్వారు."

"నాకు నవ్వే ఓపిక లేదు. చెప్పండి."

"తెర మీద ఇద్దరు మనుషుల బొమ్మలొచ్చాయి. కప్పడిపోయినవాళ్లు ఎంతమందో అన్ని బొమ్మలు వస్తాయి దాన్లో. పోయింది ఒక్కడు కదా, ఇద్దరెక్కణ్నుంచి వస్తారు? కంగారులో తప్పు చూశావులే పొమ్మన్నారు. అయుండొచ్చు. నా కాళ్లు ఎలా వణికాయో నాకే తెలుసు."

ప్లాట్నర్ లేచాడు. బయటికొచ్చాక వెరేనా ఆయన మొహం చూసి నోరు తెరవబోయింది.

"ఇప్పుడే వద్దు" అన్నాడతను. "ఇది నాకు నచ్చే దారిలో పోవట్లేదు."

*

వ్యాయామశాల గుమ్మంలోకే రూపర్ట్ గొంతు వినిపించింది.

"ఇంకా దిగండి! కుర్చీ ఉందనుకుని కూర్చోండి! ఏంట్రా ఆ వణుకు, పాలు తాగే దూడలా?"

గోడకి వీపు ఆనించి, మోకాళ్లు మడిచి, గాల్లో కూర్చున్నారు క్లబ్బు జనం. ఒకప్పుడు రేసులు గెలిచిన మనిషి రూపర్ట్. తలంతా నెరిసినా తొడలు దుంగల్లా ఉన్నాయి. కొడుకుని పాతిపెట్టిన వారంలోనే వచ్చి కసరత్తు చేయిస్తున్నాడు.

"ఇంట్లో కూర్చుని ఏం చెయ్యను?" అన్నాడు, అడక్కుండానే. "మా ఆవిడ మటిల్డా గోడకేసి చూస్తుంటుంది. నేను మటిల్డాని చూస్తుంటాను."

"ఆ రోజు మీ బీకన్ ఏం చూపించింది?"

"ఏమీ చూపించలేదు. ఒక్క అంకె లేదు, ఒక్క బాణం లేదు. చచ్చిన పెట్టె కూస్తుందా? అందుకే కదా ఆ ఆఫ్రాని..." పళ్లు బిగించాడు. "మేం పిల్లలుగా ఉన్నప్పుడు ఈ డబ్బాలెక్కడివి? మనిషిని కాపాడేది కాళ్లు. కిలియన్‌కి అదే చెప్పేవాణ్ని."

"ఆఫ్రా పాఠానికి మీరు వెళ్లారా?"

"దుప్పట్ల కింద డబ్బాలు దాచి దాగుడుమూతలాడే పాఠానికా? నేను కసరత్తు చేయించి బయట పైపు కాల్చుకున్నాను."

నోట్బుర్గా టీచర్ చెమట తుడుచుకుంటూ వచ్చి చాప మీద చతికిలబడింది. ఊరి బడిలో ఆమె పాఠం చెప్పని ఇల్లు లేదు. రూపర్ట్ అవతలికి వెళ్లేదాకా ఆగి, ప్లాట్నర్ అడిగాడు.

"మీకు కూత వినిపించిందా టీచర్ గారూ?"

"వినిపించింది బాబూ! అదే నా బాధ. దూరం చూపే అంకె తగ్గుతూ ఒకటికి వచ్చింది. 'ఇక్కడే, ఇక్కడే' అని అరిచాను. చూస్తే రూపర్ట్ నా పక్కనే ఉన్నాడు. ఇద్దరం అక్కడంతా మంచులోకి కడ్డీలు గుచ్చాం. ఏమీ తగల్లేదు. అతను అటు వెళ్లాడు, నా అంకె పెరిగింది. మళ్లీ అతని దగ్గరికెళ్తే తగ్గింది. ఫోన్లేవో అడ్డొచ్చాయని తర్వాత పోలీసులన్నారు."

"చివరికి ఎలా దొరికాడు?"

"కడ్డీ తగిలింది, అంతే. అప్పటికే చాలాసేపైపోయింది. మొదట చేరింది రూపర్టే. తనే తవ్వాడు. ఫ్లోరిన్ని హెలికాప్టర్‌కి ఫోన్ చెయ్యమన్నాడు, నన్ను దుప్పటి తెమ్మన్నాడు. నేనొచ్చేసరికి కిలియన్ జాకెట్ తెరిచి ఉంది. రూపర్ట్ తొడుగులు మంచులో పడున్నాయి. నేనే ఏరి ఇచ్చాను." ఆమె గొంతు తగ్గించింది. "ఆ మొహం మాత్రం మర్చిపోలేను బాబూ. వాడు పోయాడని అప్పటికింకా మాకు తెలీదు. అతను మాత్రం ఏదో తెలిసిపోయిన మనిషిలా ఉన్నాడు."

*

మిగతా జనం ఇళ్లకెళ్లాక ప్లాట్నర్ రూపర్ట్‌నీ టీచర్నీ అక్కడే ఆపాడు. ఫ్లోరిన్నీ ఆఫ్రానీ పిలిపించాడు. రూపర్ట్‌కి ఎదురుగా నిలబడలేక ఆమె గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"ఒక్క చిన్న పరీక్ష" అన్నాడు ప్లాట్నర్. "ఆ చాపల కింద ఒక బీకన్ దాచాను, కూతపెడుతోంది. టీచర్ గారూ, ఫ్లోరిన్, వెతకండి. నా అసిస్టెంట్ కూడా మీతో వెతుకుతుంది."

ఇద్దరూ బీకన్లు తీసి వెతకడం మొదలుపెట్టారు. వెరేనా చాపల మధ్య తిరుగుతోంది. టీచరు నాలుగడుగులు వేసి ఆగింది. ఇంకో రెండు వేసింది. ఉన్నట్టుండి మొహం పాలిపోయింది.

"అంకె ఈ అమ్మాయి వెనకాలే పోతోంది! ఆ రోజూ ఇంతే. అచ్చం ఇంతే!"

"నా తెర మీద ఇద్దరున్నారు" అన్నాడు ఫ్లోరిన్.

వెరేనా తన బీకన్ పైకెత్తి చూపించింది. దాన్ని ఆమె వెతికేలా మార్చలేదు. అది కూడా కూత పంపిస్తూనే ఉంది.

"అంతే" అన్నాడు ప్లాట్నర్ బెంచీ మీద కూలబడుతూ. "నడిచేటప్పుడు అందరి బీకన్లూ కూత పంపాలి. ఎవరైనా కప్పడిపోతే, మిగిలినవాళ్లందరూ వెంటనే వెతికేలా మార్చుకోవాలి. ఒక్కరు మర్చిపోయినా మిగతావాళ్లు వాళ్ల వెనకాలే తిరుగుతారు. ఆఫ్రా నేర్పే మొదటి పాఠం అదే. ఫ్లోరిన్‌కి ఇద్దరు కనిపించారు. తప్పు చూడలేదు, సరిగ్గానే చూశాడు. కూత పెడుతున్నవి రెండు. ఆఫ్రాది అంత దూరం వినపడదు. టీచర్ గారికీ ఫ్లోరిన్‌కీ తెర మీద ఏదో వచ్చిందంటే వాళ్లు మార్చుకున్నట్టే. పంపే బీకన్ మీద అంకె రాదు, బాణం రాదు. ఏమీ రాలేదన్నవాడు ఒక్కడే."

ఎవరూ రూపర్ట్ వైపు చూడలేదు.

"ఒకటి అతనిదైతే, రెండోది కిలియన్‌ది. అంటే వెతుకుతున్నంతసేపూ కిలియన్ బీకన్ పనిచేస్తూనే ఉంది. బయటికి తీశాకే ఆగింది. ఆపాలంటే తొడుగులు విప్పాలి, రెండు చేతులూ కావాలి. అప్పుడు వాడి దగ్గరున్నది ఒక్కరే."

రూపర్ట్ గోడకి ఆనుకున్నాడు. ఇందాక అందరితో చేయించినట్టే వీపు జారి, మోకాళ్లు మడుచుకుని, చివరికి నేలమీద కూర్చుండిపోయాడు.

"నేను నిజంగానే అనుకున్నాను" అన్నాడు. "తవ్వుతున్నంతసేపూ అనుకున్నాను, వాడి పెట్టె చచ్చిందని. ఆఫ్రాని బూతులు తిట్టుకుంటూ తవ్వాను. జాకెట్ విప్పితే వాడి ఛాతీ మీద చిన్న దీపం మిణుకుమిణుకుమంటోంది. నా జాకెట్‌లోనూ అదే దీపం. అప్పుడు తెలిసింది." అరచేతులు తిప్పి చూసుకున్నాడు. "ఆపేశాను. ఎందుకంటే ఏం చెప్పను? మటిల్డాకి ఆ దీపం కనిపించకూడదనిపించింది. అంతే. ఫిర్యాదు తర్వాత దానంతటదే వచ్చేసింది. ఒక అబద్ధం చెప్పాక ఆగడం ఎలాగో తెలీలేదు."

ఫ్లోరిన్ పిడికిలి బిగించి ముందుకొచ్చాడు. నోట్బుర్గా టీచర్ అతని చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది. "కూర్చోరా."

"నేను మార్చుకునుంటే బతికేవాడా?" రూపర్ట్ అడిగింది ప్లాట్నర్ని కాదు. ఆఫ్రాని.

ఆఫ్రా గుమ్మం వదిలి లోపలికొచ్చింది. గెలిచిన మనిషిలా లేదు. చాలా రోజులుగా నిద్రలేని మనిషిలా ఉంది.

"తెలీదు" అంది. "బతికేవాడేమో. జారేటప్పుడే దెబ్బ తగిలుంటే లేదేమో. తెలీదు మామా. నీకు తీపి మాట చెప్పలేను, చేదు మాటా చెప్పలేను."

"రేపు విచారణలో మీరే చెప్పాలి" అన్నాడు ప్లాట్నర్. "నేను చెప్పిస్తే అది వేరేగా ఉంటుంది. కానీ అంతకంటే ముందు చెప్పాల్సిన చోటు ఇంకోటుంది."

"నా వల్ల కాదు."

ఆఫ్రా వంగి రూపర్ట్ చంక కింద చెయ్యి వేసింది.

"లే. నేనొస్తాను."

*

కారులో కూర్చుని వెరేనా ఇంజిన్ స్టార్ట్ చెయ్యలేదు. వీధి చివర ఆ ఇద్దరూ నడిచి వెళ్తున్నారు. మంచు సన్నగా పడుతోంది. సీజను మొదలైపోయినట్టే.

"సార్, ఇద్దరు మనుషులని వినగానే మీకు తెలిసిపోయిందా?"

"తెలిసిపోయింది."

"ఎంత గొప్పగా..."

"వద్దు వెరేనా."

ఇంటి ముందు రూపర్ట్ ఆగిపోయాడు. చెయ్యి తలుపుదాకా వెళ్లి మళ్లీ కిందికి జారింది. ఆఫ్రాయే తట్టింది. తలుపు తెరిచిన మటిల్డా ముందు మొగుణ్ని, తర్వాత ఆఫ్రాని చూసింది. అంత్యక్రియల్లో ఆమె ఆఫ్రాతో మాట్లాడలేదు, మొహం కూడా చూడలేదు. ఇప్పుడు చూసింది. చాలాసేపు చూసింది.

"ఏదో చెప్పడానికొచ్చారు" అంది. ఆ మాట కారుదాకా స్పష్టంగా వినిపించింది. "లోపలికొచ్చి చెప్పండి. బయట చలి."