సగం సగం గోలీలు

కిటికీలోంచి తువ్వాల వేస్తే ఆ సీటు వేసినవాళ్లదే. వనపర్తి బస్టాండులో ఈ చట్టాన్ని కాదన్న మొనగాడు లేడనుకుంది ఖిల్లా ఘణపూర్ నవనీత. తీరా హైదరాబాదు బస్సెక్కి చూస్తే, తన తువ్వాల మడతపెట్టి ఒళ్లో పెట్టుకొని, పక్కన తల్లితో ఒకడు దర్జాగా కూర్చున్నాడు. వాడు గోపాల్‌పేట రాఘవేందర్.

“తువ్వాల కనవడ్తలేదా?”

“కనవడ్డది. అందుకే మడతవెట్టి పట్టుకున్న.”

“మా నాయనను దవాఖానకు తీస్కపోతున్న. నిలవడలేడు.”

“మా అమ్మ గూడ దవాఖానకే. షికారుకు గాదు.”

తగువు తీర్చింది అతని తల్లి సావిత్రమ్మ. “కాళ్లున్నోనివి, నువ్వు నిలవడు” అని కొడుకును లేపి, నవనీతనూ ఆమె తండ్రి యాదయ్యనూ అదే సీట్లో సర్దింది.

జడ్చర్ల దాటకముందే తెలిసిపోయింది. పెద్దవాళ్లిద్దరికీ ఒకటే రోగం, ఊపిరితిత్తుల కేన్సర్. ఒకటే దవాఖాన, ఒకటే కొత్త మందు. ఉన్న మందులన్నీ అయిపోయాక మిగిలిన ఆశ అదొక్కటే.

ఆ మందు ఇంకా బజారుకు రాలేదు, చివరి పరీక్షలో ఉంది. డాక్టరమ్మ ఇద్దరికీ విడమరిచి చెప్పింది. “కేన్సర్ కణంలో ఒక ఎంజైమ్ ఉంటుంది. పెరుగు, పెరుగు అని పోరుతుంటుంది. ఈ గోలీ దాని నోరు మూయిస్తుంది. కానీ కొందరికి అసలు మందు వస్తుంది, కొందరికి అచ్చం అట్లాంటిదే ఉత్త గోలీ వస్తుంది. ఎవరికి ఏదో నాకూ తెలియదు. ఎవరివి వాళ్లే వేసుకోవాలి.”

అందరూ తలలూపారు.

ఆ తర్వాత ఎవరు ముందొస్తే వాళ్లు రెండు తువ్వాలలు వేయడం అలవాటైంది. ఒక వానరోజు నవనీత సావిత్రమ్మకు చాయ్ అందిస్తూ “పెద్దమ్మా” అంది.

“పెద్దమ్మ అనకు బిడ్డా. గట్లంటే వీడు నీకు అన్న అయితడు.”

రాఘవేందర్ గబుక్కున కిటికీ వైపు తిరిగాడు. వాన తప్ప అక్కడ చూడటానికేమీ లేదు, అయినా షాద్‌నగర్ దాకా చూస్తూనే ఉన్నాడు. మరేమని పిలవాలో అడగడానికి నవనీతకు సిగ్గడ్డొచ్చింది.

అంతలో సావిత్రమ్మ మొహం నిండా ఎర్రటి పొక్కులు లేచాయి. యాదయ్య మొహం మాత్రం నున్నగా ఉంది. మందు వికటించిందని ఊరంతా తేల్చేసింది. డాక్టరమ్మకు చెబితే ఉన్న మందు కూడా బంద్ చేస్తుందేమోనని రాఘవేందర్ దవాఖానలో ఎవరికీ చెప్పలేదు. తిండి మానేసి పరేషాన్ అయ్యాడు.

సంగతి విన్న నవనీత, తన తండ్రి గోలీల డబ్బా పట్టుకొని వనపర్తి బస్టాండుకు వచ్చి రాఘవేందర్‌ను కలిసింది.

“మా నాయనకు మంచి మందు వడ్డట్టుంది. దీంట్ల సగం మీ అమ్మకు వెయ్యి. మీయి సగం మాకియ్యి.”

“పిచ్చా నీకు? మీ నాయనకు గూడ గట్లయితే?”

“చెడు గూడ సగమే అయితది. మా నాయనే ఒప్పుకుండు. పాలుకు చేసిన చేను లెక్క, పండినా ఎండినా సగం సగం.”

ఎంత మంచి పిల్ల ఇది, అనుకున్నాడు రాఘవేందర్. “నవనీతా, నిన్ను చేసుకుంట” అన్నాడు.

“జర ఆగు. ముందు మీ అమ్మకు తగ్గనీ.”

తగ్గింది. సావిత్రమ్మ మొహం తేటపడింది. యాదయ్య బుగ్గల మీద నాలుగు పొక్కులు లేస్తే, “నాకీ వయసుల మొటిమలేంది” అని నవ్వాడు. రెండిళ్లలోనూ అన్నం సయించింది.

తర్వాతి చెకప్‌లో డాక్టరమ్మ ఇద్దరి మొహాలూ, స్కానులూ చూసింది. గుచ్చిగుచ్చి అడిగి సంగతంతా రాబట్టింది.

“పొక్కులు మందు పనిచేస్తోందనడానికి గుర్తమ్మా. సావిత్రమ్మ గడ్డ ముందు తగ్గింది. సగం మందుతో మళ్లీ పెరిగింది.”

ఉత్త గోలీలు యాదయ్యవి. ఇద్దరినీ పరీక్షలోంచి తీసేశారు. మృగశిర కార్తె చూడకుండానే సావిత్రమ్మ పోయింది.

నవనీత చావుకు వచ్చి, వాకిట్లోంచే తిరిగి వెళ్లింది. రాఘవేందర్ ఆపలేదు. కోపం రాలేదంటే అబద్ధం. ఆ డబ్బా ఇచ్చిన చేతిని విరగ్గొట్టాలనిపించింది, తీసుకున్న తన చేతిని అంతకంటే ముందు.

ఏడాది తిరగకముందే మందు గెలిచింది. పరీక్షలో ఉత్త గోలీలు మింగి ఇంకా బతికున్నవాళ్లకు కంపెనీ అసలు మందు ఇస్తోందని తెలిసి, డాక్టరమ్మ కొట్లాడి యాదయ్య పేరు కూడా చేర్పించింది. ఎముకలగూడైన తండ్రిని పట్టుకొని నవనీత మళ్లీ వనపర్తి బస్టాండుకు వచ్చింది. కిటికీలోంచి తువ్వాల వేయబోతే సీట్లో అప్పటికే ఒకటుంది. వాళ్లు వచ్చే రోజు డాక్టరమ్మను అడిగి తెలుసుకొని, పక్కన రాఘవేందర్ నిలబడి ఉన్నాడు.

“కూసో మామా” అని యాదయ్యను కిటికీ పక్కన కూర్చోబెట్టాడు.

“ఎందుకొచ్చినవ్?” అంది నవనీత. “మీ అమ్మ పానం తీసినదాన్ని.”

“నువ్విచ్చినయి ఉత్త గోలీలని నీకు ఎర్కేనా?”

“లేదు.”

“మంచి మందనుకున్నవ్. మీ నాయన నోటికాడిది తీసి మా అమ్మకు పెట్టినవ్. నాకు గీ మాట సమజ్ కానీకి ఇన్ని దినాలు పట్టింది. అమ్మకు అప్పుడే తెల్సు. పొయ్యేముందు నీకొక మాట చెప్పుమన్నది.”

“ఏమని?”

“‘ఇగ పెద్దమ్మ అంటే ఊకోనని చెప్పు ఆ పిల్లకు’ అన్నది.”

బస్సు కదిలింది. నవనీత మధ్య సీట్లో కూలబడి, తువ్వాల మొహానికి అడ్డం పెట్టుకుంది.

“ఒక్కసారన్న అత్తమ్మా అని పిలవకపోతి” అంది.