కాగితంలో నాలుగేళ్ళు

ఆ ఇంట్లో ఒక సంవత్సరం పోయింది. అది పోయిందని తెలిసిన రోజు కూడా అన్ని రోజుల్లాగే తెల్లవారింది. అమ్మమ్మ కిటికీ పక్కన కుట్టుమిషను ముందు కూర్చుని నీలంరంగు గుడ్డతో చిన్న సంచి కుడుతోంది. ఒంటరిగా విమానమెక్కే పిల్లల మెడలో కాగితాల సంచి వేస్తారని చిన్నకూతురు చెప్పింది. వాళ్ళిచ్చేది ప్లాస్టిక్‌దట. పట్టీ ఒరుసుకుంటుందని అమ్మమ్మ లోపలి వైపు మెత్తటి పాతగుడ్డ వేసి కుట్టింది.

"నన్ను విమానంవాళ్ళు నాన్నకిచ్చేటప్పుడు సంతకం పెట్టించుకుంటారట. నేనేమైనా పార్సెలా అమ్మమ్మా?" అంది మనవరాలు. నోటి ఘాటు చూసి ఇంట్లోవాళ్ళు దానికి మిరియం అని పేరు పెట్టారు.

"పార్సెల్ అయితే ఇంత వాగదే," అని అమ్మమ్మ పంటితో దారం తెంపింది.

నవ్వు అమ్మమ్మ ముఖం మీద ఎంతోసేపు నిలవలేదు. మిరియం తల్లి, అంటే ఆమె పెద్దకూతురు, దూరదేశంలో ఆసుపత్రి మంచం మీద ఉంది. అల్లుడు పగలు పనికి వెళ్ళి, సాయంత్రం నుంచి ఆ మంచం పక్కనే కూర్చుంటున్నాడు. డాక్టర్లు ఈమధ్య 'చూద్దాం' అనడం కూడా మానేశారు. "పాపను ఒక్కసారి చూపించండి" అని మాత్రమే అడిగింది పెద్దకూతురు. పాపకు ఆ దేశం అనుమతి వచ్చింది. పెద్దవాళ్ళకు రావాలంటే నెలలు పడుతుందన్నారు. తల్లీతండ్రీ సంతకాలు చేసిన అంగీకారపత్రం కూడా వచ్చింది. ఇక మిగిలింది టికెట్.

ఆ ఖర్చు మందుల దుకాణంలో పనిచేసే చిన్నకూతురు, అంటే మిరియం పిన్ని, తన మీద వేసుకుంది. పిల్ల టికెట్టుకు దాదాపు పెద్దవాళ్ళ ధరే. పిల్లను చూసుకోవడానికి వేరే రుసుము. మధ్యలో విమానం మారితే ఆ రుసుము మళ్ళీ కట్టాలి.

"కూర్చుంటే సగం సీటు నిండదు. ధర మాత్రం నిండుగా ఉంది," అంటూ పిన్ని అమ్మమ్మనూ మిరియాన్నీ టికెట్ల ఆఫీసుకు తీసుకెళ్ళింది.

కౌంటరు వెనక ఉన్నామె మిరియాన్ని చూసి ముచ్చటపడింది. "నీకెన్నేళ్ళమ్మా?"

"ఐదు నిండాయి. ఆరు వచ్చేస్తున్నాయి. చూడండి," అని మిరియం నోరు తెరిచి ఊడిన పంటి సందు చూపించింది.

ఆమె నవ్వుతూ పాస్‌పోర్టు తెరిచింది. నవ్వు ఆగిపోయింది. "ఇందులో నాలుగే ఉన్నాయండీ. ఐదు నిండని పిల్లల్ని మేం ఒంటరిగా ఎక్కించుకోం."

"పొరపాటు పడుంటుంది. పళ్ళు చూశారుగా," అంది పిన్ని.

"పళ్ళు నాకు కనబడుతున్నాయమ్మా. నేను రాసుకోవాల్సింది మాత్రం ఇందులో ఉన్నదే." ఆమె గొంతు తగ్గించింది. "ఇంకో రెండు నెలలకు కాగితంలో ఐదు నిండుతాయి. అప్పుడు రండి, నేనే దగ్గరుండి చేసిపెడతాను."

రెండు నెలలు. అమ్మమ్మ కుర్చీ అంచు పట్టుకుంది. ఆ మాట అన్న మనిషి మీద ఆమెకు కోపం రాలేదు. కోపం వచ్చి ఉంటే కాస్త బలంగా ఉండేదేమో.

ఇంటికి రాగానే పిన్ని పాస్‌పోర్టు తెరిచి తాతయ్య ముందు పెట్టింది. ఆయన బడి ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. అప్పట్లో పాప పుట్టుక ఏడాది దాటాక నమోదు చేయించింది ఆయనే, పాస్‌పోర్టు తీయించింది ఆయనే. తేదీ, నెల సరిగ్గానే ఉన్నాయి. సంవత్సరం అంకె మీద ఇన్నాళ్ళూ ఎవరి కళ్ళూ ఆగలేదు.

"నాన్నా, పుట్టిన సంవత్సరం తప్పు రాయించావు."

"తప్పు కాదు." తాతయ్య కళ్ళజోడు తీశాడు. "తగ్గించాను."

"తగ్గించావా?"

"ఒక్క ఏడాది వయసు దాటిందని ఉద్యోగాలు పోగొట్టుకున్నవాళ్ళను నా బల్ల ముందు ఎంతమందిని చూశానో. ఒక ఏడాది చేతిలో ఉంటే రేపు దానికి కలిసొస్తుందని..."

"కలిసొచ్చింది నాన్నా! బ్రహ్మాండంగా కలిసొచ్చింది! పాలపళ్ళు పూర్తిగా రాని పిల్లకు రిటైర్మెంటు లెక్కలు వేశావు!"

"దిద్దిస్తాను. ఇప్పుడే వెళ్తాను. నేనే అబద్ధం చెప్పానని రాసిస్తాను."

"అది దిద్దాలి, పాస్‌పోర్టు మార్చాలి, అనుమతి మళ్ళీ తెచ్చుకోవాలి. రెండు నెలల్లో అవుతుందా?"

తాతయ్య చెప్పులు వేసుకున్నవాడు వేసుకున్నట్టే నిలబడిపోయాడు. "పోనీ, అల్లుణ్ణి వచ్చి తీసుకెళ్ళమంటే?"

"బావ ఇక్కడికొస్తే అక్క దగ్గర ఎవరుంటారు? ఆ నాలుగు రోజుల్లోనే ఏమైనా అయితే? అసలు ఇంత పని చేసి ఎవరికీ చెప్పలేదేం?"

"నాకు చెప్పారు," అంది అమ్మమ్మ.

ఇద్దరూ ఆమె వైపు తిరిగారు.

"ఆరోజు ఇంటికొచ్చి, మనవరాలికి ఒక ఏడాది మిగిల్చానన్నారు. నేను నవ్వి టీ ఇచ్చాను. అంతటితో మరిచిపోయాను."

గడపలో కూర్చున్న మిరియం నెమ్మదిగా అడిగింది. "నేను ఎక్కువ అన్నం తింటే కాగితంలో కూడా పెరుగుతానా పిన్నీ?"

పిన్ని ముఖం గోడవైపు తిప్పుకుంది.

అప్పుడే ఫోను మోగింది. పెద్దకూతురు. పిన్ని చెయ్యి చాపేలోపు తాతయ్య అందుకున్నాడు. చెవి సరిగ్గా వినబడక గట్టిగా వినిపించేలా పెట్టాడు.

"అమ్మా, పాప రావడం ఆలస్యమవుతుంది. నావల్లే," అని మొదలుపెట్టి, ఏమీ దాచకుండా అంతా చెప్పాడు.

అవతలి నుంచి పెద్దకూతురి గొంతు సన్నగా వినబడింది.

"నాన్నా, నాకెన్ని తగ్గించావు?"

తాతయ్య తడబడ్డాడు. "నీకూ... ఒకటే అమ్మా."

"నాకు తెలుసు. ఇక్కడి ఉద్యోగానికి వయసు హద్దు పెట్టారు. అసలు వయసైతే దాటిపోయేదాన్ని. నువ్వు మిగిల్చిన ఏడాది పట్టుకునే నేనిక్కడికి వచ్చాను. ఇప్పుడు నిన్నేమని తిట్టను?"

"తిట్టమ్మా. తిట్టు."

"ఓపిక లేదు నాన్నా. పాప వచ్చాక తిడతాను."

తాతయ్య ఫోను పట్టుకునే కూలబడ్డాడు. ఆయన ఏడవడం అమ్మమ్మ అంతకుముందు చూడలేదు. పిన్ని వచ్చి పక్కన కూర్చుంది. కాసేపటికి ఆయన కాళ్ళకున్న చెప్పులు ఒక్కొక్కటే విప్పింది.

"చెల్లీ, వింటున్నావా?" అంది ఫోనులోంచి అక్క. "ఎవరైనా పెద్దవాళ్ళు ఇటు వస్తుంటే వాళ్ళతో పంపండి. కొత్త పత్రం రాస్తాం. తీసుకొచ్చేవాళ్ళ పేరు మీరు నింపుకోండి. నేనిప్పుడే సంతకం పెట్టి పంపిస్తాను. చెయ్యి ఇంకా బాగానే ఉంది."

మర్నాటి నుంచి తాతయ్య వీధివీధీ తిరిగాడు. జీవితంలో ఎవరినీ చిన్నసాయం అడగని మనిషి, ముఖం తెలియని ఇళ్ళ తలుపులు కూడా తట్టి "మీవాళ్ళెవరైనా అటు వెళ్తున్నారా?" అని అడిగాడు. పిన్ని మందుల దుకాణానికి వచ్చినవాళ్ళనల్లా అడిగింది. కొందరు పోయిన నెలే వెళ్ళొచ్చామన్నారు. ఒకామె పరాయిపిల్ల బాధ్యత తనవల్ల కాదని, చెయ్యి పట్టుకుని మరీ చెప్పింది.

పత్రం వచ్చింది. పెద్దకూతురి సంతకం గీత మీద మొదలై, చివరికొచ్చేసరికి కిందికి జారింది. అమ్మమ్మ దాన్ని మడత నలగకుండా నీలంసంచిలో పెట్టి, మిషను పక్కన మేకుకు తగిలించింది. రోజూ మిరియం దాన్ని మెడలో వేసుకుని ఇల్లంతా తిరిగి, మళ్ళీ అక్కడే తగిలిస్తోంది.

పత్రంలో పాపను తీసుకువెళ్ళే మనిషి పేరు ఇంకా రాయలేదు.