పడదన్న మాట

నాలుగో బల్ల దగ్గరివాళ్ళ రక్తం చదివే తాయెత్తులు ఎర్రబడగానే చౌడేశ్వరి రెండు గాలితెరలు దించింది. ఒకరికి రొయ్యలు పడవు, పక్కవారికి పాలు పడవు. తెర దిగితే అవతలివాళ్ళు కనిపిస్తారు గానీ వాళ్ళ కూర వాసనా రాదు, మాటా వినిపించదు. కలిసి తినడానికి వచ్చినవాళ్ళను ప్రాణాలతో ఇంటికి పంపడమే అనంతపురం సహపంక్తి శాలలో ఆమె ఉద్యోగం.

ఎవరికేం పడదో రాసుకుని తెరలు నడిపే పంక్తియంత్రానికి తెలివి ఎక్కువే గానీ తెలుగు కాస్త తక్కువ. ఆ పొద్దున ఒక పెద్దాయన "మా బావకూ నాకూ పడదు" అన్నాడో లేదో, ఇద్దరి మధ్యా టపీమని తెర దించేసింది. ఇక ఎత్తదు. పడదని నోటితో చెప్పిన మాటను అది జన్మలో చెరపదు. రక్తం ఏం చెప్పినా నోటిమాటదే గెలుపు.

ఈ నియమాన్ని చూసి ఊరంతా నవ్వుతుంది. చౌడేశ్వరి నవ్వదు. ఆమెకు పల్లీలు పడవు. పల్లీలు పండే నేల మీద పుట్టి ఇదేం ఖర్మే అని చుట్టాలు ఆటపట్టించేవాళ్ళు. చిన్నప్పుడు ఒక పెళ్ళిలో "చుక్క చట్నీకి ఏమైతాదిలే" అంటూ ఒకావిడ వడ్డించేసింది. గొంతు పూడుకుపోయి, పందిట్లోనే ఊపిరి ఆగినంత పనైంది. అప్పటి నుంచి ఆమె భోజనం తెర వెనకే. భయం తీరింది గానీ, పక్కవాళ్ళ కబుర్లు వింటూ తినాలన్న ఆశ మాత్రం చావలేదు.

వంటశాల నడిపే ఓబులేసు ఒంటికి ఎప్పుడూ పల్లీల పొడి అంటుకుని ఉండేది. అందుకే పనివేళల్లో ఆమె దగ్గరికి వచ్చేవాడు కాదు. మధ్యాహ్నం తెర దిగాకే వచ్చి అవతల కూర్చునేవాడు. రెండేళ్ళుగా అతని పెదవులు కదలడం చూసి ఏమంటున్నాడో ఊహించుకోవడం ఆమెకు అలవాటైపోయింది. రేపు అతను కడప శాలకు వెళ్ళిపోతాడు. ఈ ఒక్క పూటైనా తెర లేకపోతే ఎంత బాగుండును అనుకుంటే ఆమెకు ఏడుపొచ్చింది.

ఇవాళ అతను తెర దిగకముందే వచ్చాడు. ఆమె ఉలిక్కిపడి దూరం జరిగింది. ఓబులేసు యంత్రానికి వినబడేలా తాయెత్తును నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"నాకు పల్లీలు పడవు."

"మీ రక్తంలో అలాంటి ఆనవాలు లేదు," అంది యంత్రం. "ఒకసారి నమోదైతే జీవితాంతం ఏ శాలలోనూ మీకు పల్లీలు వడ్డించరు. మళ్ళీ చెప్పండి."

"పడవంటే పడవు."

చౌడేశ్వరికి ఒళ్ళు మండింది. "నా ప్రాణంతో ఎగతాళా నీకు?"

"ఎగతాళి కాదు మే. ఉగాది నుంచి ముట్టలేదు. పల్లీల పనంతా వేరేవాళ్ళకు అప్పజెప్పినా. ఇప్పుడే నీళ్ళు పోసుకోని, ఉతికిన గుడ్డలు కట్టుకోని వచ్చినా."

ఆమె అంత తేలిగ్గా నమ్మలేదు. పల్లీల నలుసు తగిలినా ఎర్రబడే పసిపుల్ల తీసి అతని అరచేతుల మీదా, చొక్కా మీదా, మూతి దగ్గరా ఆడించింది. పుల్ల ఆకుపచ్చగానే ఉంది.

యంత్రం చాలాసేపు గింజుకుంది. రక్తం పడతాయంటోంది, నోరు పడవంటోంది. సగం దిగిన తెర గాల్లోనే వణికింది. చివరికి వాళ్ళిద్దరి మధ్య నుంచి లేచి, పల్లీలు పడనివాళ్ళను ఒకే వైపు ఉంచుతూ ఓబులేసుకు అవతలి పక్కన దిగింది.

అతను చారు జుర్రిన చప్పుడు మొట్టమొదటిసారి ఆమెకు వినిపించింది. ఎంత మోటు చప్పుడో! ఆమెకు కళ్ళనీళ్ళు తిరిగాయి.

"పల్లీల చట్నీ లేకుండా ఎట్ల బతుకుతావబ్బా?"

"అది తర్వాత సూద్దాంలే. రెండేండ్ల నుంచి తెర అవతల నీకు ఒకే మాట చెప్తాండా. ఎప్పుడన్నా ఇనపడిందా?"

"లేదు."

"అయితే తిను. ఈసారి నిదానంగా చెప్తా."