డాబా మీద గ్లాసు

హనుమాండ్లు మాయమయ్యాడు.

అరవై దాటిన మనిషి. పొద్దున్నే దుప్పటి చంకన పెట్టుకుని ఎటో పోయాడు.

కొడుకు రాకేశ్ పంజాగుట్ట స్టేషన్లో మిస్సింగ్ కంప్లైంట్ ఇచ్చాడు. ఇస్తున్నంతసేపూ చూపు తలుపు వైపే. ఐదేళ్ల కూతురు యశస్విని పక్క వీధి నర్సింగ్‌హోంలో ఆక్సిజన్ మీదుంది మరి.

ఎస్సై వీర్రాజుది రాజమండ్రి. దొంగకి బేడీలేస్తూ కూడా సైజు సరిపోయిందా అనడిగే రకం. అమీర్‌పేట వెళ్లాడు. జావా కోచింగ్ బోర్డుల మధ్య రాకేశ్ వాళ్ల బాయ్స్ హాస్టల్. వంట రాకేశ్ తల్లి చంద్రమ్మది.

హనుమాండ్లు గది డాబా మీద. ట్యాంకు పక్కన ఓ కంచం, ఓ స్టీలు గ్లాసు బోర్లించి ఉన్నాయి.

"ఇవెవరివమ్మా?"

"కుక్కయి సారూ."

"మీ ఆయనకి జబ్బేమన్నా ఉందా?"

"బీడీ దగ్గు."

"పాప ఎక్కడ పడుకునేది?"

"తాత పక్కల్నే. కథ చెప్తెనే పంటది."

అక్కణ్ణుంచి నర్సింగ్‌హోం. డాక్టర్ మంజూష ఎక్స్‌రే చూపించింది.

"ఇదిగో నీడ. టీబీ అని నా అనుమానం. ఇంత చిన్నపిల్ల కళ్లె ఉమ్మలేదు, టెస్టుకి పంపడానికి. రేపైనా మందు మొదలెట్టకపోతే పాప దక్కదు. తండ్రేమో ఒప్పుకోడు."

రాకేశ్ జేబులోంచి కాగితం తీశాడు. "యాంటీబాడీ టెస్టు సార్. రక్తం తీసి చేసిన్రు, అమీర్‌పేటలనే. టీబీ లేదని సాఫ్ రాసుంది. లేని రోగానికి మందెట్ల పోయనిస్త?"

"టీబీకి ఆ రక్తం టెస్టుని నమ్మలేం," అంది డాక్టర్. "మొదట్నుంచీ అడుగుతున్నా, ఇంట్లో ఎవరికన్నా టీబీ ఉందా? అదొక్కటి చెప్పండి."

"మా ఇంట్ల ఎవ్వరికి లేదు మేడం."

వీర్రాజు బండి మళ్లీ అమీర్‌పేట వైపు తిప్పాడు. ఆ ల్యాబ్‌కే.

మర్నాడు పదకొండింటికి అందర్నీ వార్డు బయట నిలబెట్టాడు. అద్దంలోంచి పాప కనిపిస్తోంది. ఊపిరి లాగినప్పుడల్లా డొక్కలు లోపలికి పోతున్నాయి.

వీర్రాజు రెండు కాగితాలు తీశాడు.

"రాకేశ్ గారూ, ఈ హనుమత్ప్రసాద్‌కి టీబీ ఉందంట. ఈ కృష్ణమోహన్‌కి లేదంట. ఇద్దరిదీ మీ పాపకి చేసిన ల్యాబ్ రిపోర్టే."

"అయితే ఏంది సార్?"

"ఇద్దరూ నేనే. నిన్న ఇచ్చిన రక్తం ఒకటే, రాయించిన పేర్లు రెండు. ఇప్పుడు నన్ను సగానికి కోసి సగం ఎర్రగడ్డ టీబీ ఆసుపత్రికి పంపుతారా?"

రాకేశ్ ఆ రెంటినీ తన కాగితం పక్కన పెట్టి చూశాడు.

వీర్రాజు సంచిలోంచి డాబా మీది స్టీలు గ్లాసు తీశాడు.

"చంద్రమ్మ గారూ, కుక్కకి కంచం పెట్టారు, సరే. మా ఊళ్లోనూ పెడతారు. గ్లాసెందుకండీ? ఎత్తిపట్టి తాగుతుందా?"

చంద్రమ్మ గ్లాసు అందుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఆయన ఎక్కడ?"

"ఎర్రగడ్డల. మా చెల్లె ఇంట్ల." అంది చంద్రమ్మ. "మస్తు దినాల సంది దగ్గుతుండె సారూ. మొన్ననే టీబీ అన్నరు. మందు మింగుతుండు. ఈ మేడం అడిగేసరికి భయమై నేనే తోలిచ్చిన."

"అమ్మా," అన్నాడు రాకేశ్. "నాకు సుత చెప్పకపోతివి."

"చెప్తె హాస్టల్ల ఒక్క పిలగాడుంటడా బిడ్డా? పోరి రక్తంల లేదని రాసిన్రు గద. ఆ కాయితానికి మొక్కిన నేను."

రాకేశ్ తన రిపోర్టు మడిచి, మళ్లీ మడిచి, డాక్టర్ వైపు తిరిగాడు.

"మందు వొయ్యిండ్రి మేడం."

మంజూష అప్పటికే తలుపు తోసింది. "బతుకుతదా?" అని చంద్రమ్మ వెనకనించి అడిగింది.

"ఇప్పుడే చెప్పలేనమ్మా. గ్లాసుతో అంటే రోగం కాదిది. పక్కన దగ్గితే, ఆ గాలితో అంటుంది."

తలుపు మూసుకుంది. చంద్రమ్మ అక్కడే కింద కూర్చుంది. వీర్రాజు ఆ గ్లాసు నిండా నీళ్లు తెచ్చి చేతికిచ్చాడు.

ఆమె తాగలేదు. గ్లాసునే చూస్తోంది.

"ఆయన కంచం వేరుగ వెట్టిన సారూ. గ్లాసు వేరుగ వెట్టిన," అంది. "పోరిని వేరుగ పండవెట్టకపోతి."