ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా ఉన్నారా?

“ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా ఉన్నారా పాపా?”

ఫోనులో ఆ మగగొంతు అలా అడగగానే ఆమె చేతిలో సూది ఆగిపోయింది. ఒళ్ళో సగం కాజాలు కుట్టిన చొక్కా, మోకాలి పక్కన ఇంకా ముట్టని చొక్కాల కట్ట... ఆమెకు నలభై ఆరేళ్ళు. చెవుల పక్కన జుట్టు నెరిసి రెండేళ్ళవుతోంది. అయినా నోటికి అలవాటైన మాటే వచ్చింది.

“లేరండి,” అంది.

“సరే, వచ్చాక చెప్పు. ఈ బిల్డింగు మేం కొన్నాం. నెలాఖరుకి అందరూ ఖాళీ చెయ్యాలి. రేపు సాయంత్రం మళ్ళీ ఫోన్ చేస్తా, పెద్దవాళ్ళని ఉండమను.”

ఆమె ఫోను తీసుకెళ్ళి కూతురి దిండు పక్కన పెట్టింది. అది కూతురి ఫోనే. గోడవైపు తిరిగి పడుకున్న కూతురు కదల్లేదు. పొద్దెక్కి చాలాసేపైనా లేవలేదు, కాఫీ చల్లారిపోయింది.

“విన్నావా తల్లీ, ఖాళీ చెయ్యమంటున్నాడు. నువ్వొకసారి మాట్లాడు.”

“లేరని చెప్పావుగా. లేనివాళ్ళెలా మాట్లాడతారు?”

“అదేం మాటే...”

“అమ్మా, ఇవాళ నాకు గొంతు లేదు. ఎవరితోనూ మాట్లాడను. నీతో కూడా.”

తండ్రి పోయాక ఈ పదమూడేళ్ళలో కూతురు అలా అనడం అదే మొదటిసారి. ఆమె మంచం అంచున కూలబడింది. కోపంగా అని ఉంటే ఏడ్చి ఊరుకునేది. కానీ ఆ మాటలో కోపం లేదు. బరువైన సంచిని మెట్ల మీద దించి, ఇంక మోయలేనని పక్కన కూర్చున్న మనిషి తీరు ఉంది...

ఆమె గొంతు పుట్టుకతోనే అంత. ఎన్నేళ్ళు మీద పడినా అది మాత్రం బడి వదలని పిల్లలా ఉండిపోయింది. అత్తగారు “ఈ పిట్ట కూతలేంటే” అని నవ్వేది. కూరగాయలవాడు మీ అమ్మని పిలవమనేవాడు. భర్త ఉన్నన్నాళ్ళూ అది ఇంట్లో ఒక ముచ్చట, అంతే. బయటి మాటలన్నీ ఆయనే మాట్లాడేవాడు. ఆయన హఠాత్తుగా పోయిన నెలకి, ఆయన పనిచేసిన ఆఫీసుకి కాగితాల కోసం వెళ్ళింది. కిటికీ అవతల గుమాస్తా తలెత్తకుండానే అడిగాడు, “పెద్దవాళ్ళెవరూ రాలేదా పాపా?” తర్వాత తలెత్తి చూశాడు. చూశాక నవ్వాడు. ఆ నవ్వు దగ్గర ఆమె నోరు మూతపడింది. కొంగు పట్టుకుని నిలబడ్డ పదకొండేళ్ళ కూతుర్ని ముందుకి తోసి, “నువ్వు మాట్లాడమ్మా,” అంది.

ఆ పిల్ల మునివేళ్ళ మీద లేచి, గొంతు బరువుగా పెట్టి, “మా నాన్న పోయారు. మా అమ్మ వచ్చింది. ఏమేం కాగితాలు కావాలో రాసివ్వండి,” అంది. గుమాస్తా రాసిచ్చాడు.

ఆ రోజు ఇంటికొచ్చాక ఆమె పక్కింటావిడతో ఎంత గర్వంగా చెప్పుకుందో... నా కూతురు ఎంత గట్టిదో చూశారా అని. అప్పటినుంచీ ఆ వాడలో పిల్లకి ‘మేనేజరు’ అన్న పేరు ఖాయమైంది. ఇంటి ఓనర్లతో మేనేజరే మాట్లాడింది. ఆసుపత్రిలో మేనేజరే మాట్లాడింది. తన బడిలో తన గురించి తల్లిదండ్రులతో చెప్పాల్సిన సంగతులు కూడా మేనేజరే విని, మేనేజరే తల్లికి చెప్పింది. ఎప్పుడు తలుపు తట్టినా ఆమెకి ఒకటే మాట: నువ్వు మాట్లాడమ్మా.

ఇప్పుడు కూతురికి ఇరవై నాలుగు. డబ్బింగు స్టూడియోలో గొంతు ఇస్తుంది. ‘మేనేజరు’ పేరు అక్కడికీ వెంట వెళ్ళింది. ఎప్పుడూ అత్తలకి, హెడ్‌మిస్ట్రెస్‌లకి, కోడళ్ళని సాధించే ఆడపడుచులకి. ఆరేళ్ళుగా ఒక్క చిన్నపిల్ల పాత్ర కూడా రాలేదు. ఈమధ్య ఒక జపాను బొమ్మల సీరియలు వచ్చింది. అనిమే అంటారట. ప్యాకింగు ఆఫీసులో పనిచేసి అలిసిపోయిన నలభయ్యేళ్ళ ఆడది ఒకరోజు పదిహేడేళ్ళ పిల్లగా నిద్రలేచి, మళ్ళీ బడికెళ్ళే కథ. ఆ పిల్ల పాత్ర కోసం కూతురు వారం రోజులు అద్దం ముందు సాధన చేసింది. నిన్న టెస్టుకి వెళ్ళింది. సాయంత్రం వచ్చి, చెప్పులు విప్పి, ఇదిగో ఇలా పడుకుంది.

ఫోను మళ్ళీ మోగింది. కూతురు చెయ్యి చాచలేదు. ఆమే ఎత్తింది.

“ఏమ్మా మేనేజరూ, రేపు పదింటికి రా. ఆ నలభయ్యేళ్ళావిడ పాత్ర నీదే. అలక మానేసి రా.” అది డబ్బింగు డైరెక్టరు. తృప్తి లేక మళ్ళీ మళ్ళీ చెప్పిస్తాడని అందరూ ఆయన్ని టేకుల మాస్టారంటారు.

“అమ్మాయి పడుకుందండి... లేచాక చెప్తాను,” అంది ఆమె.



“ఏదీ, మళ్ళీ అను.”

“లేచాక చెప్తానండి.”

“ఇదే కదమ్మా నేనడిగింది! నిన్న ముప్ఫై టేకుల్లో ఈ గొంతు ఎక్కడ దాచావ్? ఇంక ఆలోచించేది లేదు. పిల్ల పాత్ర కూడా నీకే.”

ఆమె గబుక్కున ఫోను కూతురి చెవి దగ్గర పెట్టింది. కూతురు లేచి కూర్చుంది. అంతా విని, “సార్, అది మా అమ్మ,” అంది. తర్వాత ఇంకాసేపు విని, “సరే. తీసుకొస్తాను,” అని పెట్టేసింది.

పెట్టేసి చిన్నగా నవ్వింది. నవ్వులా లేదది.

“ఒక్క ముక్కలో కొట్టేశావమ్మా.”

“నేను రాను. నీ కంచంలో ముద్ద లాక్కుంటానా?”

“నా కంచంలో లేదమ్మా అది. ఉంటే పోయేది కాదు.” కూతురు మోకాళ్ళ మీద గడ్డం ఆనించుకుంది. “ఆ పిల్ల బస్సు వెనక పరిగెత్తుతుంది. బస్సు దొరకదు. దొరకనందుకు ఫ్రెండ్సుతో కలిసి పగలబడి నవ్వుతుంది. ఊరికే, కారణం లేకుండా. ఆ నవ్వే నాకు రాలేదు. ముప్ఫైసార్లు నవ్వాను. ‘నీ గొంతులో బడిగంట లేదమ్మా, బాధ్యతుంది’ అన్నారు మాస్టారు. తిట్టలేదు పాపం. జాలిపడ్డారు. అదే...”

ఆమె చల్లారిన కాఫీ లోపలికి తీసుకెళ్ళి వేడిచేసింది. పాలు పొంగి స్టవ్వు మీద పడేదాకా చూస్తూనే నిలబడింది.

మర్నాడు ఇద్దరూ వెళ్ళారు. గోడలకి మెత్తటి దిళ్ళు తాపడం చేసిన చిన్న గది. గాలి కూడా చెప్పులు విప్పి రావాలన్నట్టు నిశ్శబ్దం. ఎదురుగా తెర, మధ్యన రెండు మైకులు. అద్దం అవతల మాస్టారు.

“భయం వద్దమ్మా. ఆ పిల్ల నోరు తెరిస్తే మీరూ తెరవండి, మూస్తే మూయండి. మధ్యలో ఉన్నదంతా జీవితమే, అది మీకు నేను చెప్పేదేముంది?”

బస్సు సీను మొదట పెట్టారు. తెర మీద పిల్ల పరిగెత్తింది. ఆమె ఒగర్చింది. బస్సు వెళ్ళిపోయింది. ఆమె నవ్వింది. అంత నవ్వు ఇన్నేళ్ళూ తనలో ఎక్కడుందో ఆమెకే తెలియలేదు... నీళ్ళతొట్టి మూత తీసినట్టు బయటికి వచ్చింది. మాస్టారు రెండో టేకు అడగలేదు. సౌండు ఇంజనీరు గడియారం చూసి, “మాస్టారికి ఒంట్లో బాలేదా?” అన్నాడు. అందరూ నవ్వారు. కూతురు కూడా నవ్వింది, మర్యాదకి నవ్వినట్టు.

తర్వాత కల సీను. నలభయ్యేళ్ళావిడ, పదిహేడేళ్ళ పిల్ల అద్దానికి చెరోవైపు నిలబడతారు. ఇద్దరూ ఒకరే. తల్లీకూతుళ్ళిద్దరూ పక్కపక్క మైకుల ముందు నిలబడి హెడ్‌ఫోన్లు పెట్టుకున్నారు.

కూతురు మొదలుపెట్టింది. “బాగా పరిగెత్తుతున్నావ్. కాళ్ళు నొప్పి పుట్టట్లేదా?”

“లేదే! నాకేం నొప్పి?” అంది ఆమె, పిల్లగా.

“అలా ఎలా ఉండగలిగావ్?”

“ఏమో, నాకు తెలీదు.”

“సరే పో. నా వంతు కూడా నువ్వే ఆడుకో. నాకు నిద్రొస్తోంది.”

ఆ చివరి మాట హెడ్‌ఫోన్లలోంచి చెవిలోకి కాదు, ఇంకా లోపలికి దిగింది. ఇంట్లో ఎన్నిసార్లు వినలేదు ఆ గొంతు... కానీ ఇంట్లో కుక్కరు మోత ఉంటుంది, వీధి ఉంటుంది, తన భయం ఉంటుంది. ఇక్కడ ఏదీ లేదు. కూతురి గొంతొక్కటే ఉంది. అది ఇరవై నాలుగేళ్ళ గొంతు కాదు. మునివేళ్ళ మీద నిలబడ్డ నాటినుంచి ఇంతవరకూ మడమ నేలకి ఆనించని పిల్ల గొంతు.

తన గొంతు ఎందుకు ముసలిదవలేదో ఆమెకి అప్పుడర్థమైంది. వాడితే కదా అరగడానికి! తన వాటా మాటలన్నీ ఆ పిల్ల చేత మాట్లాడించింది. దానికి భయం అని పేరు పెట్టుకుంది. భయం నిజమే. కానీ అందులో కొంత సుఖం కూడా ఉంది. తలుపు వెనక నిలబడటంలో, ఎవరో మాట్లాడి వచ్చి ‘అయిపోయిందమ్మా’ అంటే ఊపిరి పీల్చుకోవడంలో ఉన్న సుఖం... దాన్ని వదులుకోలేక, కన్నబిడ్డ ఈడునంతా తన గొంతులో దాచుకుని కూర్చుంది.

తెర మీద పిల్ల పెదాలు కదులుతున్నాయి. తన మాట చెప్పాలి. కాగితం మీది అక్షరాలు అలుక్కుపోయాయి.

“ఎన్నాళ్ళైందే నువ్వు నిద్రపోయి?” అంది ఆమె.

కూతురు తలతిప్పి చూసింది. అద్దం అవతలనుంచి మాస్టారి గొంతు వినిపించింది. “ఆ మాట స్క్రిప్టులో లేదమ్మా.” కాస్త ఆగి, “కానీ పెదాలకి సరిపోయింది. ఉంచేద్దాం,” అన్నాడు.

తిరుగు బస్సులో ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. కండక్టరు వస్తే అలవాటుగా కూతురు బ్యాగు తెరవబోయింది. ఆమె ఆ చేతిని పట్టుకుని ఆపి, “రెండు చివరి స్టాపుకి,” అంది. కండక్టరు ఆ గొంతుకీ ఆ నెరిసిన జుట్టుకీ పొత్తు కుదరక రెండుసార్లు చూశాడు. చూడనీ అనుకుంది. చూపులు గుచ్చుకున్నాయి, కానీ రక్తం రాలేదు.

ఇంటికొచ్చాక, “పడుకో,” అంది.

“అతను ఫోన్ చేస్తానన్నాడు కదమ్మా, ఖాళీ చెయ్యడం గురించి...”

“పడుకోమన్నానా?”

కూతురు పడుకుంది. ఆమె తలుపు దగ్గర చాప వేసుకుని చొక్కాలు ముందేసుకుంది. కిటికీలోంచి ఎండ నేల మీద పొడుగ్గా సాగింది. మూడో చొక్కా సగంలో ఉండగా ఫోను మోగింది. ఆమె అరచేయి చీరకి తుడుచుకుంది. 

“హలో, ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా ఉన్నారా పాపా?”

“ఉన్నారు. చెప్పండి.”

“పిలువమ్మా మరి.”

“నేనే.”

“ఎవరూ?”

“ఈ ఇంటికి పెద్దదాన్ని నేనేనండి. నాకు నలభై ఆరేళ్ళు. గొంతు ఇంతే, మీరే సర్దుకోవాలి. నెలాఖరుకి మాకు కుదరదు. ఇల్లు వెతుక్కోవడానికి మూడు నెలలు కావాలి. మీరేం చెప్పాలన్నా కాగితం మీద రాసి పంపండి, చదువుకుంటాను.”

అవతలివాడు ఏదో గొణిగాడు. పాపా అనబోయి, అమ్మా అనబోయి, చివరికి “మేడమ్” దగ్గర స్థిరపడ్డాడు.

అప్పుడు వెనకనుంచి ఒక చప్పుడు వినిపించింది. ఆమె తిరిగి చూసింది. కూతురు నిద్రపోలేదు. దిండులో ముఖం దాచుకుని భుజాలు కదిలిపోతున్నాయి. ఏడుస్తోందేమో అనుకుంది. కాదు. నవ్వుతోంది. ఆపుకోబోయి ఆపుకోలేక, ముక్కులోంచి, నోట్లోంచి తప్పించుకుని పడుతోంది ఆ నవ్వు. మొన్న ముప్ఫై టేకుల్లో రానిది.

ఆమె పెదాల మీద వేలు పెట్టి ఉష్ అని సైగ చేసి, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ ఫోను చెవికి ఆనించుకుంది.

“ఏం లేదండి, మా చిన్నపిల్ల,” అంది. “మీరు చెప్పండి, వింటున్నాను.”